"పీఈ 3కే చైనా షేరు, పోయేదేముంది" అంటున్నవాళ్ళకి

రెండు వారాల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. చివరికి మా బావ కూడా దాన్నే పంపి "నువ్వు ఇవన్నీ చూస్తుంటావుగా, కొనమంటావా వద్దంటావా" అని అడిగాడు. ఆ మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ: అమెరికాలో లిస్టయిన చిన్న చైనా కంపెనీ, పీఈ 3 (అంటే షేరు ధర ఏడాది లాభానికి మూడు రెట్లే), బ్యాంకులో ఉన్న క్యాష్ కంపెనీ మొత్తం మార్కెట్ విలువ కన్నా ఎక్కువ, పెద్ద ఆడిటర్ సంతకం, పేరున్న ఫండ్ వాటా, షార్ట్ సెల్లర్ల (షేరు పడుతుందని పందెం కాసేవాళ్ళ) పుకార్లకి పడింది తప్ప కంపెనీకి ఏమీ కాలేదు, రేపు దుకాణం మూసేసి డబ్బు పంచినా లాభమే, కాబట్టి పోయేదేం లేదు, త్వరగా కొనండి. షేరు పేరు ఇక్కడ రాయను. పేర్లు మారుతుంటాయి కానీ మెసేజ్ మారదు, 2010లో ఇవే మాటలు ఈమెయిల్లో వచ్చేవి, అప్పుడు నమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ కథ కింద చెప్తాను.

చైనా కంపెనీలన్నీ దొంగవి అని నేను అనడం లేదు, అది ఇంకో రకం బద్ధకం. నా గొడవంతా "చౌకగా ఉంది కాబట్టి సేఫ్" అన్న ఒక్క మాటతోనే. ఊరి బయట పక్క ప్లాటు గజం ముప్పై వేలు పలుకుతుంటే, ఇది ఎనిమిది వేలకే ఇస్తామని ఎవరైనా అంటే మనవాడు ఎగిరి గంతేస్తాడా? లింకు డాక్యుమెంట్లు చూపించు, ఈసీ తీయించు, 22ఏ నిషేధిత భూముల లిస్టులో ఉందేమో చూడు అంటాడు. ధర తక్కువంటేనే ఎక్కడో మెలిక ఉందని వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే మనిషి షేరు దగ్గరికి వచ్చేసరికి, ఎనిమిది వేలకే కదా, ఇంకేం తగ్గుతుంది అంటాడు. ఈ తేడా ఎందుకొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"నాస్‌డాక్‌లో ఉందంటే అమెరికా ప్రభుత్వం చెక్ చేసినట్టే"

కాదు. మన సెబీ లాంటి అమెరికా ఎస్‌ఈసీ చూసేది కంపెనీ చెప్పాల్సినవన్నీ కాగితం మీద చెప్పిందా లేదా అన్నది. ఫుజియాన్‌లో గోదాం తలుపు తీసి లోపల సరుకుందా అని చూడటం వాళ్ళ పని కాదు. పైగా 2000ల మధ్యలో మొదలైన గుంపులో చాలా కంపెనీలు మామూలు ఐపీఓ దారిలో రానేలేదు. అమెరికాలో వ్యాపారమేమీ లేకుండా పేరుకి బతికున్న ఒక షెల్ కంపెనీని పట్టుకుని, దానిలో చైనా వ్యాపారాన్ని కలిపేసి, దొడ్డిదారిన అమెరికా కంపెనీ అయిపోయేవి. దీన్నే రివర్స్ మెర్జర్ అంటారు. అక్కడ ఆడిటర్ల మీద నిఘా పెట్టే పీసీఏఓబీ 2011లో లెక్క తీస్తే, 2007 జనవరి నుంచి 2010 మార్చి దాకా ఇలా వచ్చిన చైనా కంపెనీలు 159, మామూలు ఐపీఓతో వచ్చినవి 56. ఐపీఓ అయితే కనీసం బ్యాంకర్లు, లాయర్లు నెలల తరబడి ప్రశ్నలు అడుగుతారు. దొడ్డిదారిలో ఆ తతంగం చాలా వరకు ఉండదు.

రైనో ఇంటర్నేషనల్ సంగతి చూడండి. దాలియన్‌లో ఉండేది, ఉక్కు ఫ్యాక్టరీల పొగ, మురుగునీరు శుభ్రం చేసే యంత్రాలు చేస్తామని చెప్పుకునేది, నాస్‌డాక్‌లో లిస్టయింది. 2009లో అమ్మకాలు 19.3 కోట్ల డాలర్లు అని అమెరికాకి చెప్పింది. అదే ఏడాదికి చైనాలో కంపెనీల రిజిస్ట్రేషన్ శాఖకి ఇచ్చిన కాగితాల్లో ఉన్నది దాదాపు 1.1 కోట్లు. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండు ఆఫీసులకి రెండు లెక్కలు. 2010 నవంబర్‌లో మడ్డీ వాటర్స్ అనే షార్ట్ సెల్లింగ్ సంస్థ దీన్ని బయటపెడితే, కొన్ని కాంట్రాక్టులు నిజమైనవి కావని సీఈఓ తానే ఆడిటర్ దగ్గర ఒప్పుకున్నాడు, డిసెంబర్ కల్లా నాస్‌డాక్ తీసేసింది. 2009 డిసెంబర్‌లో ఇన్వెస్టర్ల దగ్గర 10 కోట్ల డాలర్లు సమీకరించిన ఆ కంపెనీ డబ్బుతో, చైర్మన్, సీఈఓ అయిన ఆ భార్యాభర్తలు కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో 35 లక్షల డాలర్ల ఇల్లు కొన్నారని తర్వాత ఎస్‌ఈసీ తన కేసులో ఆరోపించింది. చౌక షేరు కొన్నవాళ్ళంతా కలిసి గృహప్రవేశం చేయించారన్నమాట.

పట్టుబడ్డాక ఏమవుతుందనేది ఇంకా ముఖ్యం. అమెరికాకీ చైనాకీ మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందం లేదు. 2020 మార్చి నుంచి అమల్లో ఉన్న చైనా సెక్యూరిటీస్ చట్టంలో 177వ సెక్షన్ అయితే, విదేశీ రెగ్యులేటర్లు చైనా లోపల నేరుగా సాక్ష్యాలు సేకరించకూడదనే చెప్తుంది. మన సత్యం రామలింగరాజు గారు తప్పు ఒప్పుకున్నాక జైలుకెళ్ళారు. ఈ చిన్న చైనా కంపెనీల ప్రమోటర్లు సొంత ఊళ్ళో కూర్చుంటే అమెరికా కోర్టు ఇచ్చిన కాగితం వాళ్ళ గుమ్మం దాటదు.

"పెద్ద ఆడిటర్ సంతకం ఉంది"

ఈ మాట తెలుగువాళ్ళు అనడమే నాకు ఆశ్చర్యం. 2009 జనవరి 7 మనకి గుర్తులేదా? పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు, అందులో 5,040 కోట్లు లేనేలేవు, ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్, లిస్టింగ్ న్యూయార్క్ ఎక్స్చేంజ్‌లో కూడా. మెసేజ్‌లో చెప్పిన అర్హతలు దాదాపు అన్నీ సత్యంకి ఉన్నాయి, అంతకుముందు సెప్టెంబర్‌లో మంచి కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

చైనా వైపు సత్యంకి కవల లాంటిది లాంగ్‌టాప్. షియామెన్‌లో బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ చేసేది. ఇది దొడ్డిదారిది కాదు, 2007లో గోల్డ్‌మన్ శాక్స్, డాయిష్ బ్యాంక్ దగ్గరుండి న్యూయార్క్‌లో ఐపీఓ చేయించాయి, ఆడిటర్ డెలాయిట్ వరసగా ఆరేళ్ళు సంతకం పెట్టింది. 2011 మేలో అనుమానం వచ్చి డెలాయిట్ వాళ్ళు ఈసారి బ్యాంకు హెడ్డాఫీసులకే మళ్ళీ వెళ్ళి నిల్వలు అడగడం మొదలుపెట్టారు. కొన్ని చోట్ల లెక్క తప్పింది. కొన్ని గంటల్లోనే కంపెనీ వాళ్ళు బ్యాంకులకి ఫోన్లు చేసి, వీళ్ళు మా ఆడిటర్లు కాదు అన్నారు, ఆఫీసులో ఉన్న ఆడిటర్ల కాగితాలు కొన్ని లాక్కున్నారు, అవి ఇవ్వకపోతే బయటికి వెళ్ళనివ్వమని బెదిరించారు. మే 20న చైర్మన్ ఫోన్ చేసి, గతంలో దొంగ అమ్మకాలు చూపించాం కాబట్టి పుస్తకాల్లో దొంగ నగదు రాయాల్సి వచ్చింది అన్నాడు. ఎవరెవరికి తెలుసని అడిగితే సీనియర్ మేనేజ్‌మెంట్ అన్నాడు. ఇవన్నీ డెలాయిట్ రాజీనామా లేఖలోనే ఉన్నాయి, ఆ లేఖ ఎవరైనా చదవచ్చు. షేరు మే 17న 18.93 డాలర్ల దగ్గర ఆగింది. అప్పటికి చేతిలో ఉన్నవాళ్ళకి అమ్ముకునే సందు కూడా దొరకలేదు.

ఆరేళ్ళు ఎలా దొరకలేదని అడిగితే దానికో మామూలు సమాధానం ఉంది. నిల్వ ఎంతుందో చెప్పమని ఆడిటర్ రాసే ఉత్తరం బ్యాంకు బ్రాంచికి వెళ్తుంది, బ్రాంచిలో ఉన్నవాడు కంపెనీకి కావలసినవాడైతే జవాబు కూడా కంపెనీకి కావలసినట్టే వస్తుంది. ఇక వస్తువు చూసినా గుర్తుపట్టలేని చోట పరిస్థితి మరీ దారుణం. టొరంటోలో లిస్టయిన సైనో-ఫారెస్ట్‌కి చైనాలో లక్షల ఎకరాల అడవులున్నాయని చెప్పేవారు, ఆడిటర్ ఎర్నస్ట్ అండ్ యంగ్. ఆ టీంలో ఒకరు, మనకి చూపిస్తున్న చెట్లు ఈ కంపెనీవే అని మనకెలా తెలుసు అని ఈమెయిల్లో అడిగితే, ఎక్కడి చెట్లు చూపించినా మనకి తేడా తెలియదు అనే అర్థంలో జవాబొచ్చింది. ఇది ఒంటారియో రెగ్యులేటర్ ఆరోపణల్లో బయటికొచ్చిన సంభాషణ. ఆ తర్వాతా సంతకం పడింది. చివరికి ఇన్వెస్టర్లతో రాజీకి ఆ ఆడిటర్ 11.7 కోట్ల కెనడా డాలర్లు కట్టింది.

ఇప్పుడు కాలం మారింది కదా అంటారు. మారింది, కొంత. 2020 డిసెంబర్‌లో అమెరికా చట్టం చేసి, ఆడిట్ కాగితాలు చూపించకపోతే డీలిస్ట్ చేస్తామంటే, 2022లో చైనా దిగొచ్చి పీసీఏఓబీని లోపలికి రానిచ్చింది. మొదటి తనిఖీల ఫలితాలు 2023 మేలో వచ్చాయి. కేపీఎంజీ చైనా సంస్థ చేసిన ఆడిట్లు నాలుగు చూస్తే నాలుగింటిలోనూ పెద్ద లోపాలు, పీడబ్ల్యూసీ హాంకాంగ్‌వి నాలుగు చూస్తే మూడింటిలో. లోపమంటే మోసం దొరికిందని కాదు, సంతకం పెట్టడానికి సరిపడా పని చేయలేదని. మరి 2024లో, కుప్పకూలిన రియల్ ఎస్టేట్ కంపెనీ ఎవర్‌గ్రాండ్ విషయంలో పీడబ్ల్యూసీ చైనా సంస్థకి అక్కడి ప్రభుత్వమే 44.1 కోట్ల యువాన్ల జరిమానా వేసి ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టింది. ఆ పెద్ద పేర్ల కింద ప్రతి దేశంలోనూ విడివిడి సంస్థలుంటాయనీ, బోర్డు ఒకటే అయినా వంటవాళ్ళు వేరనీ మెసేజ్ రాసినవాడికి తెలియదేమో.

"మార్కెట్ విలువ కన్నా క్యాష్ ఎక్కువ"

అసలు గాలం ఇదే. నేను చిక్కుకున్నదీ దీనికే. 2010లో అమెరికాలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక చిన్న చైనా కంపెనీ షేరు కొన్నాను, రెండు వేల డాలర్లు. పీఈ నాలుగు, బోలెడంత క్యాష్, అప్పు లేదు. ఎక్సెల్ షీటు చేసి నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఒకరోజు పొద్దున చూస్తే ఆ కంపెనీ మార్కెట్ రేటు కన్నా బాగా తగ్గించి కొత్త షేర్లు అమ్ముతోంది, విస్తరణ కోసమట. బ్యాంకులో మార్కెట్ విలువకి మించిన డబ్బున్నవాడు తన వాటాని సగం ధరకి ఎందుకు అమ్ముకుంటాడు? బీరువా నిండా బంగారం ఉందని చెప్పే ఇంటాయన నూటికి మూడు వడ్డీకి చేబదులు అడిగితే ఊళ్ళో ఏమనుకుంటారు? ఈ ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు, తట్టినా జవాబు నాకు నచ్చేది కాదు కాబట్టి పక్కన పెట్టేసేవాణ్ణి. కొన్ని నెలలకి ట్రేడింగ్ ఆపేశారు, తర్వాత పింక్ షీట్లకి (ఎక్స్చేంజ్ గెంటేసిన షేర్లు చేతులు మారే చోటికి) పోయింది, ఆ లైను ఇప్పటికీ నా అకౌంట్లో ఉంది, విలువ 0.00 అని.

కాబట్టి క్యాష్ అన్న మాట చూడగానే మెత్తబడకండి. చైనా మీడియా ఎక్స్‌ప్రెస్ అని బస్సుల్లో టీవీ ప్రకటనలు వేసే ఫుజౌ కంపెనీ ఉండేది. 2009 చివర్లో తన దగ్గర 5.7 కోట్ల డాలర్లున్నాయని చెప్పింది, ఎస్‌ఈసీ తర్వాత కేసులో చెప్పిన ప్రకారం ఉన్నది 1.41 లక్షలు. నేతి బీరకాయలో నెయ్యి అన్నట్టు. ఇది అమెరికాలో లిస్టయిన వాటి జబ్బే అనుకోకండి, చైనా సొంత మార్కెట్లోనూ అంతే. కాంగ్‌మేయ్ అనే పెద్ద మందుల కంపెనీ 2019 ఏప్రిల్‌లో, 2017 లెక్కల్లో నగదు 2,990 కోట్ల యువాన్లు ఎక్కువ పడింది, అకౌంటింగ్ పొరపాటు అంది. పొరపాటట! 2019 జనవరిలోనే ప్లాస్టిక్ ఫిల్ములు తయారుచేసే కాంగ్‌డె షిన్ 1,500 కోట్ల యువాన్ల నగదు చూపిస్తూనే 100 కోట్ల బాండు అప్పు తీర్చలేకపోయింది. ఏమిటని అడిగితే 1,220 కోట్లు బ్యాంక్ ఆఫ్ బీజింగ్‌లో ఉన్నాయన్నారు. బ్యాంకేమో నిల్వ సున్నా అంది. ప్రమోటర్ గ్రూపుతో కలిపి ఒక ఖాతా పెట్టుకున్నారు, కంపెనీ ఖాతాలో పడ్డ డబ్బు పడ్డట్టే పై ఖాతాకి లాగేసేవారు, ఇక్కడ కనిపించేది అంకె మాత్రమే.

మరి బయట కూర్చున్న మనం ఏం చూడగలం? ఒకటి చాలా తేలిక, చైనీస్ రాకపోయినా పర్వాలేదు. యాన్యువల్ రిపోర్టులో వడ్డీ ఆదాయం అని ఒక లైను ఉంటుంది. ఉదాహరణకి క్యాష్ 10 కోట్ల డాలర్లు అని చెప్పి, ఏడాది వడ్డీ 12 వేల డాలర్లు చూపించారనుకోండి. చైనాలో ఎప్పుడైనా తీసుకునే డిపాజిట్ మీద ప్రభుత్వం పెట్టిన ప్రామాణిక వడ్డీ 2012 నుంచి చాలా ఏళ్ళు 0.35 శాతం, అంటే ఎంత బద్ధకంగా పడేసినా ఏడాదికి 3.5 లక్షలు రావాలి. మిగతా వడ్డీ ఎక్కడికి పోయింది? ఒకటి, డబ్బు లేదు. లేదా క్వార్టర్ చివరి రోజున మాత్రమే ఉంది, ఇన్‌స్పెక్షన్ రోజున కాలేజీకి అద్దెకి తెచ్చిన లెక్చరర్లలా, టీం వెళ్ళిపోగానే వాళ్ళూ బస్సెక్కేస్తారు. మూడో అవకాశం ఒకటుంది, డబ్బు ప్రమోటర్ తాలూకు ఎవరికో వడ్డీ లేకుండా తిరుగుతోంది, దానికి సంబంధిత పక్షాల లావాదేవీల నోటు చదవాలి. రిపోర్టు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, నిద్రొస్తుంది, అయినా చదవాలి.

రెండోది నగదూ అప్పూ రెండూ పక్కపక్కనే లావెక్కుతున్నాయా అని. కాంగ్‌మేయ్‌లోనూ, కాంగ్‌డె షిన్‌లోనూ అదే గుర్తు. ఎఫ్‌డీలో రెండు శాతం తెచ్చుకుంటూ పక్క బ్యాంకులో ఆరు శాతానికి అప్పు తెచ్చేవాడు లెక్క రానివాడైనా అయ్యుండాలి, ఎఫ్‌డీ లేనివాడైనా అయ్యుండాలి.

ఈ పరీక్ష పాసైతే కంపెనీ మంచిదని కాదు, వడ్డీ లైను కూడా కల్పించి రాయొచ్చు. ఫెయిలైతే మాత్రం ఇంకేమీ చూడక్కర్లేదు.

"పీఈ 3 అంటే మూడేళ్ళలో పెట్టుబడి వెనక్కి, మూసేసి పంచినా లాభమే"

ఎవరికి వెనక్కి? ఎవరు మూస్తారు? ఎవరికి పంచుతారు? నన్నడిగితే ఈ మెసేజ్ మొత్తంలో అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. లాభం నిజమే అనుకుందాం, క్యాష్ నిజమే అనుకుందాం. అది చైనాలోని బ్యాంకు ఖాతా నుంచి నా చేతికి ఏ దారిన వస్తుంది?

మీరు కొనేది చాలాసార్లు చైనా కంపెనీని కాదు. కేమన్ దీవుల్లో ఒక కాగితం కంపెనీ ఉంటుంది, మీ వాటా అందులో. ఇంటర్నెట్, మీడియా, చదువు లాంటి రంగాల్లో విదేశీయులకి పరిమితులున్నాయి కాబట్టి, లైసెన్సులున్న అసలు చైనా కంపెనీ ఎవరో ఇద్దరు ముగ్గురు చైనా వ్యక్తుల పేరు మీద ఉంటుంది, దానికీ కేమన్ కంపెనీకీ మధ్య ఉన్నవి ఒప్పందాలు మాత్రమే. వీఐఈ అంటారు దీన్ని. తెలంగాణ పల్లెల్లో సాదా బైనామా మీద పొలం కొన్నవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది: డబ్బిచ్చాం, దున్నుకుంటున్నాం, ఊరందరికీ తెలుసు, కానీ పాస్‌బుక్ మాత్రం ఆయన పేరు మీదే. అమ్మినాయన మంచివాడైనంత కాలం ఏ ఇబ్బందీ ఉండదు. ఆయన మంచితనం మీద ఆధారపడటం ఎలా ఉంటుందో యాహూని అడగాలి. అలీబాబాలో 40 శాతానికి పైగా వాటా ఉన్న రోజుల్లోనే, దాని చెల్లింపుల వ్యాపారం అలీపే యాజమాన్యం అలీబాబా అధినేత జాక్ మా చేతిలో ఉన్న కంపెనీకి వెళ్ళిపోయిందని యాహూకి తెలిసింది 2011 మార్చి చివర్లో, అదీ పని అయిపోయాక. తర్వాత ఏదో రాజీ కుదిరింది. యాహూ అంతటి వాటాదారుకే అలా అయితే, నూరు షేర్లున్న మా బావకి ఎవరు ఫోన్ చేస్తారు?

మోసం అస్సలు లేని చోట కూడా చిన్న వాటాదారుకి ఎలా కోత పడుతుందో క్వీహూ 360 చెప్తుంది. కంప్యూటర్ భద్రతా సాఫ్ట్‌వేర్ చేసే మంచి కంపెనీ, నిజమైన లాభాలు. అమెరికాలో చౌకగా ఉందని ప్రమోటర్ బృందమే 2016లో 930 కోట్ల డాలర్ల లెక్కన అందరినీ కొనేసి ప్రైవేటు చేసింది. 2018 ఫిబ్రవరిలో అదే వ్యాపారం షాంఘైలో లిస్టయితే విలువ 6,000 కోట్ల డాలర్లు దాటింది. చౌకగా ఉందని కనిపెట్టింది మీరొక్కరే కాదు, లోపల కూర్చున్నవాడికి మీకంటే ముందే తెలుసు, ఎప్పుడు బయటికి పంపాలో తేల్చేదీ వాడే.

అందుకే నేను పీఈ కన్నా ముందు చూసేది పదేళ్ళ రికార్డు: డివిడెండ్ ఎంత ఇచ్చారు, నిజంగా షేర్లు కొని రద్దు చేశారా, లేక బైబ్యాక్ ప్రకటించి ఊరుకున్నారా, మొత్తం షేర్ల సంఖ్య ఏటా పెరిగిందా తగ్గిందా. ఏటా లాభం అంటూ ఏటా కొత్త షేర్లు అమ్ముతుంటే ఆ లాభం మన దాకా వచ్చేది కాదు, మన నుంచి పోయేదే. చైనా నుంచి డబ్బు బయటికి తేవడానికి అనుమతులు, పన్ను ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ ఇవ్వాలనుకున్న కంపెనీలు వాటన్నిటినీ దాటుకునే ఇస్తున్నాయి.

"పేరున్న ఫండ్ కొన్నది కదా"

2008 సంక్షోభాన్ని ముందే పట్టి వందల కోట్ల డాలర్లు గడించిన జాన్ పాల్సన్ సైనో-ఫారెస్ట్‌లో అతిపెద్ద వాటాదారు. ఏఐజీని నడిపిన మౌరిస్ గ్రీన్‌బర్గ్ గారి స్టార్ సంస్థ చైనా మీడియా ఎక్స్‌ప్రెస్‌లో పెట్టింది. ఇంకేం చెప్పను.

"షార్ట్ సెల్లర్లు కావాలని పడగొట్టారు"

ఇందులో సగం నిజం ఉంది, అందుకే దీనికి కాస్త ఆగుతాను. షార్ట్ సెల్లర్ ధర్మాత్ముడు కాదు, షేరు పడితేనే వాడికి డబ్బు. తప్పు కూడా చేస్తారు. మడ్డీ వాటర్స్ 2011లో స్ప్రెడ్‌ట్రమ్ అనే చిప్ కంపెనీ మీద ప్రశ్నలు వేస్తే షేరు ఒక్కసారిగా పడి మళ్ళీ లేచింది, 2013లో చింఘువా గ్రూపు ఆ కంపెనీని దాదాపు 178 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. 2012లో ట్యూషన్ల కంపెనీ న్యూ ఓరియంటల్ మీద ఎస్‌ఈసీ దర్యాప్తు వార్త, ఆ వెంటనే మడ్డీ వాటర్స్ రిపోర్టు వచ్చినప్పుడు షేరు రెండు రోజుల్లో సగానికి పైగా పడింది, భయపడి అమ్మినవాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి నాలుక కరుచుకున్నారు. అయితే అదే న్యూ ఓరియంటల్ 2021 జులైలో చైనా ప్రభుత్వం లాభాల కోసం ట్యూషన్లు చెప్పకూడదు అనగానే కుప్పకూలింది, అది వేరే కథ, లెక్కలు స్వచ్ఛంగా ఉన్నా ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

కాబట్టి ఎవరు రాశారని కాకుండా ఏం చూపించారని అడగాలి. లకిన్ కాఫీ మీద 2020 జనవరి 31న వచ్చిన 89 పేజీల రిపోర్టు చూడండి. రాసినవాళ్ళు పేరు పెట్టలేదు, మడ్డీ వాటర్స్ దాన్ని బయటపెట్టింది. 1,500 మందిని కాఫీ షాపుల్లో కూర్చోబెట్టి, 11,260 గంటల వీడియో తీసి, వచ్చేపోయే జనాన్ని లెక్కపెట్టి, 25,843 బిల్లులు పోగేశారు. రోజూ అమ్ముతున్నామని కంపెనీ చెప్పేదానికీ షాపులో కనిపించేదానికీ పొంతన లేదు. కంపెనీ మొదట అంతా అబద్ధం అంది. ఏప్రిల్ 2న 220 కోట్ల యువాన్ల అమ్మకాలు కల్పితం కావచ్చని తానే చెప్పుకుంది, షేరు ఆ ఒక్క రోజు 75 శాతం పడింది. గమనించారా, లకిన్ చౌక షేరు కాదు, లాభమే లేని ఖరీదైన షేరు. మోసానికి ధరతో పని లేదు. ఇంకో సంగతి, ఆ షాపులు నిజమైనవి, కాఫీ నిజమైనది, పాత యాజమాన్యాన్ని తరిమేశాక అదే కంపెనీ 2023లో చైనాలో స్టార్‌బక్స్ కన్నా పెద్దదైంది. నాస్‌డాక్ నుంచి గెంటేశాక డాలరున్నర దగ్గర కొన్నవాళ్ళు బాగుపడ్డారు. వాళ్ళు చూసింది పీఈ కాదు, షాపు ముందు క్యూ.

షార్ట్ రిపోర్టుకి కంపెనీ ఇచ్చే జవాబులోనే చాలా తెలుస్తుంది. ఫలానా బ్యాంకు ఖాతాలో డబ్బు లేదంటున్నారు, ఇదిగో స్వతంత్ర దర్యాప్తు అంటే ఒక రకం. మా ప్రతిష్ఠని దెబ్బతీసే కుట్ర, లాయర్లతో మాట్లాడుతున్నాం అంటే ఇంకో రకం. రెండో రకం చదివితే నేనైతే పేజీ మూసేస్తాను.

"త్వరగా కొనండి, వచ్చే వారం టార్గెట్ రెట్టింపు"

అన్నిటికన్నా చివర ఒక చిన్న లైనుగా ఉంది కానీ, నిజానికి ముందు చదవాల్సింది దీన్నే. పీఈ 3 షేరు మూడేళ్ళుగా పీఈ 3లోనే ఉంటే, వచ్చే శుక్రవారం లోపు ఏం కొంప మునుగుతుంది?

2025లో అమెరికా న్యాయశాఖ షికాగోలో ఒక కేసు పెట్టింది. చైనా లిబరల్ ఎడ్యుకేషన్ అనే చిన్న నాస్‌డాక్ షేరుని, అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ సలహాదారులమంటూ సోషల్ మీడియాలో పరిచయమై, మెసేజ్ గ్రూపుల్లోకి జనాన్ని లాగి, కొనిపించి, పైకి లేపారనీ, తమ షేర్లు వాళ్ళకే అమ్మేసుకున్నారనీ ఏడుగురు విదేశీయుల మీద ఆరోపణ. జనవరి చివర్లో ఒక్క రోజులో ఆ షేరు తొంభై శాతానికి పైగా ఊడిపోయింది. అధికారులు స్వాధీనం చేసుకున్న డబ్బు 21.4 కోట్ల డాలర్లు. ఇక్కడ కంపెనీ లెక్కలు నిజమా అబద్ధమా అన్న చర్చకే చోటు లేదు, మెసేజే సరుకు.

మా బావకి ఇవన్నీ ఫోన్లో చెప్పాను, గంట పట్టింది. "సరే గానీ మా గ్రూపులో పెట్టింది మనవాడే రా, పరాయివాడు కాదు" అన్నాడు. ఆ మనవాణ్ణి అడిగితే ఇంకో గ్రూపు నుంచి వచ్చిందన్నాడు, ఆ గ్రూపులో పెట్టినాయన కొడుకు వాళ్ళ టెలిగ్రాం చానల్ నుంచి తెచ్చాడట. ఆ చానల్ పైకంటా స్క్రోల్ చేస్తే మొదట పెట్టిన నంబరు ఎవరి ఫోన్లోనూ సేవ్ అయి లేదు, ప్రొఫైల్ ఫోటోలో మాత్రం టై కట్టుకున్న ఒకాయన నవ్వుతున్నాడు.